పాత పికప్ వెనక కుంగితే ఏం చేయాలి? కమాన్ కట్టల వెనక ఉన్న లెక్క

నూజివీడు మామిడి, మదనపల్లె టమాటా, భీమవరం రొయ్య, లాసల్‌గావ్ ఉల్లి. సరుకు ఏదైనా, పొలం గట్టు నుంచి మార్కెట్ యార్డు దాకా దాన్ని చేర్చేది చాలావరకు చిన్న పికప్‌లే. వాటిలో పాతబడిన బండ్లను దూరం నుంచే పోల్చుకోవచ్చు. ఖాళీగా ఉన్నా వెనకభాగం కూర్చుని ఉంటుంది, ముందుభాగం ఆకాశం వైపు చూస్తుంటుంది. రాత్రిపూట ఎదురొచ్చే వారి కళ్లలో దాని లైట్లు సూటిగా కొడతాయి. లోడు ఎక్కితే టైరు తొట్టికి రాసుకుంటుంది. గుంతలో పడితే దబ్‌మని ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వస్తుంది.

అలాంటి బండిని షెడ్డుకు తీసుకెళితే యజమానికి సాధారణంగా మూడు సలహాలు వినిపిస్తాయి. ‘షాకులు పోయాయి, మార్చేద్దాం’ అని ఒకరంటారు. ‘ఇంకో పట్టీ ఎక్కిద్దాం, ఇక కుంగదు’ అని మరొకరంటారు. ‘కట్టలు విప్పి వంపు పెట్టిస్తే చాలు’ అని ఇంకొకరంటారు. ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బులకు మందులు. జబ్బు తెలియకుండా మందు వేస్తే డబ్బు పోవడం ఒక్కటే కాదు, బ్రేకు వేసినప్పుడు బండి ఎక్కడ ఆగుతుందో, ఎటు తిరుగుతుందో కూడా మారిపోతుంది. అందుకే వెనక కుంగిన పికప్‌ను బాగుచేయడం వెనక ఉన్న అసలు లెక్క ఏమిటో తెలుసుకోవడం బండి ఉన్నవారికీ, బండి కిరాయికి పిలిచేవారికీ అవసరమే.

కమాను అంటే విల్లు

మన మెకానిక్‌లు లీఫ్ స్ప్రింగులను ‘కమాన్ కట్టలు’ అంటారు. కమాన్ అనేది పారసీక మాట, విల్లు అని దాని అర్థం. పేరులోనే పనితీరు ఉంది. వంచిన ఉక్కు పట్టీలను పొడవు నుంచి పొట్టి వరకు వరసగా పేర్చి, మధ్యలో ఒక సెంటర్ బోల్టుతో బిగిస్తారు. అన్నిటికన్నా పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలూ చుట్టి కన్నులుగా చేస్తారు. ముందు కన్ను ఛాసిస్‌కు ఉన్న బ్రాకెట్‌లో బుష్షుతో కూర్చుంటుంది. వెనక కన్ను షాకిల్ అనే ఊగే ముక్కకు వేలాడుతుంది. కట్ట మధ్యభాగాన్ని యూ-బోల్టులు వెనక యాక్సిల్ హౌసింగ్‌కు గట్టిగా పట్టి ఉంచుతాయి.

షాకిల్ ఊగడానికి కారణం ఉంది. విల్లును నొక్కితే దాని వంపు తగ్గి, కొసల మధ్య దూరం పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవుకు చోటు కావాలి. షాకిల్ వెనక్కి ఊగి ఆ చోటు ఇస్తుంది. కాబట్టి షాకిల్ ఏ కోణంలో ఉందో చూస్తే కట్ట ఎంత చదునైందో ఒక అంచనా వస్తుంది.

ఈ ఏర్పాటు చాలా పాతది. ఇంగ్లండ్‌లో గుర్రపు బండ్ల కోసం ఓబడయా ఎలియట్ అనే ఆయన 1804లో కమాను స్ప్రింగులకు పేటెంట్ తీసుకున్నాడు. రెండు శతాబ్దాలు దాటినా సరుకు బండ్ల నుంచి అది పోలేదు. కారణం సులువు: బరువు మోయడం, యాక్సిల్‌ను దాని స్థానంలో నిలపడం, బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలిపడకుండా ఆపడం అనే మూడు పనులూ ఒక్క కట్టే చేస్తుంది. కాయిల్ స్ప్రింగుకు అయితే యాక్సిల్‌ను పట్టుకోవడానికి వేరే కడ్డీలు కావాలి. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కమాన్ కట్టతో ఆటలాడడం అంటే బండి ఎత్తుతో మాత్రమే కాదు, యాక్సిల్‌ను పట్టి ఉంచే ఆధారంతో ఆడడమే.

కుంగడం అంటే నిజంగా ఏం జరిగింది?

కట్టలు ‘మెత్తబడ్డాయి’ అని అందరూ అంటారు. ఆ మాట సరికాదు. ఉక్కుకు సహజంగా ఉండే గట్టిదనం వయసుతో చెప్పుకోదగినంతగా మారదు. కొత్త పట్టీ 100 కిలోలకు ఎంత కిందికి వంగుతుందో, పదిహేనేళ్ల పట్టీ కూడా ఇంచుమించు అంతే వంగుతుంది. మారేది దాని మొదటి వంపు. లోడు లేనప్పుడు విల్లుకు ఉండాల్సిన వంపు పోయి, అది మొదలే సగం చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి లోడు ఎక్కితే తక్కువ దూరంలోనే చివరికి చేరి బంప్ రబ్బరుకు తగులుతుంది.

ఆ వంపు ఎందుకు పోతుంది? ప్రతి ఉక్కు పట్టీకి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దులోపల ఎన్నిసార్లు వంచినా వెనక్కి వస్తుంది. దాటి వంచితే కొంత వంపు తిరిగి రాదు. రెండు టన్నులు వేసి గుంతల రోడ్డులో నడిపితే, గుంతలో పడ్డ క్షణంలో కట్టపై పడేది రెండు టన్నుల బరువు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ. అలాంటి దెబ్బలు వేలసార్లు తగిలితే ప్రతిసారీ కంటికి కనపడనంత వంపు పోతూ, చివరకు అరచెయ్యి మందం తేడాగా బయటపడుతుంది.

రెండో శత్రువు తుప్పు. రొయ్యలు, చేపలు మోసే బండ్లలో ఐసు కరిగి ఉప్పునీరు కట్టల మీదికి కారుతుంది. పట్టీల మధ్య నిలిచిన ఆ నీరు లోపలి నుంచి తింటుంది. పట్టీ మందం తగ్గుతుంది. గట్టిదనం మందానికి మూడో ఘాతంతో మారుతుంది కాబట్టి, 8 మిల్లీమీటర్ల పట్టీ 7 మిల్లీమీటర్లకు అరిగితే దాని గట్టిదనంలో దాదాపు మూడో వంతు పోయినట్టే. ‘మెత్తబడ్డాయి’ అనే మాట నిజమయ్యేది ఇలాంటి చోట మాత్రమే. పైగా తుప్పు తిన్న గుంటల దగ్గరే పగుళ్లు పుడతాయి.

మూడోది విరిగిన పట్టీ. కట్ట మధ్యలో సెంటర్ బోల్టు కోసం వేసిన రంధ్రం దగ్గర, మెయిన్ పట్టీ కన్ను మెడ దగ్గర ఎక్కువగా విరుగుతుంది. మట్టి కప్పేసి ఉంటే నెలల తరబడి ఎవరికీ తెలియదు. నాలుగోది వదులైన యూ-బోల్టులు. అవి వదులైతే కట్ట మధ్యభాగం కూడా వంగడం మొదలుపెడుతుంది, భారమంతా సెంటర్ బోల్టు మీద పడుతుంది, ఒకనాడు అది తెగి యాక్సిల్ ఒకవైపు వెనక్కి జరుగుతుంది. బండి పీతలా పక్కకు నడిచినట్టు కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

విప్పకముందే కొలవాలి

చాలా షెడ్లలో మొదటి పని బోల్టులు విప్పడం. నిజానికి మొదటి పని టేపు తీయడం.

బండిని చదునైన నేల మీద, ఖాళీగా నిలపాలి. నాలుగు టైర్లలో గాలి సరిగా ఉండాలి. నేల నుంచి తొట్టి ఎత్తు కొలిస్తే టైరు తేడా కూడా అందులో కలిసిపోతుంది. అందుకే చక్రం మధ్యబిందువు నుంచి నేరుగా పైన తొట్టి అంచు వరకు కొలవాలి. ఎడమ, కుడి రెండూ రాసుకోవాలి. అదే మోడల్‌లో తక్కువ తిరిగిన బండి దొరికితే దానితో పోల్చాలి. తర్వాత యాక్సిల్‌కూ బంప్ రబ్బరుకూ మధ్య ఖాళీ ఎంతుందో చూడాలి. ఖాళీ బండిలోనే అక్కడ రెండు వేళ్లు పట్టకపోతే వంపు పోయిందని తేలినట్టే.

రెండు పక్కలా సమానంగా తగ్గితే అది సాధారణంగా వంపు పోవడమే. ఒక్క పక్కే తగ్గితే విరిగిన పట్టీ, అరిగిపోయిన బుష్షు, ఛాసిస్‌కు ఉన్న బ్రాకెట్ పగులు, లేదా ఎప్పుడూ ఒకే వైపు బరువు పేర్చే అలవాటు కారణం కావచ్చు. కట్టను వైరు బ్రష్షుతో తోమి, ఒక్కో పట్టీ అంచును వెలుతురులో చూడాలి. పట్టీకి అడ్డంగా సన్నని తుప్పు గీత కనిపిస్తే అది పగులు. ఆ తర్వాత రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు కొలవాలి. తేడా ఉంటే యాక్సిల్ జరిగిందన్నమాట.

ఈ కొలతలకు పావుగంట చాలు. కానీ వీటితోనే సగం తప్పుడు ఖర్చులు ఆగిపోతాయి. ముఖ్యంగా షాకుల విషయంలో. షాక్ అబ్జార్బర్ పేరు గొప్పదే గానీ, మామూలు పికప్‌లలో వాడే హైడ్రాలిక్ షాకు బరువు మోయదు. స్ప్రింగు ఒకసారి కుంగి లేచాక అదే పనిగా ఊగకుండా ఆపడమే దాని పని. షాకు కారుతుంటే మార్చాల్సిందే, అది వేరే సంగతి. కానీ కొత్త షాకులు వేసినంత మాత్రాన కుంగిన బండి లేవదు.

కుంగితే బ్రేకుకు ఏమవుతుంది?

వెనక కుంగడం అందానికి సంబంధించిన లోపమైతే ఇంత చెప్పుకోవాల్సిన పని లేదు. అసలు ప్రమాదం బ్రేకుల్లో ఉంది.

పికప్‌కు ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువు చాలా తక్కువ, లోడుతో చాలా ఎక్కువ. రెండు సందర్భాల్లోనూ వెనక బ్రేకుకు ఒకే ఒత్తిడి ఇస్తే ఖాళీ బండి వెనక చక్రాలు బిగుసుకుని జారుతుంది. దీన్ని తప్పించడానికి చాలా మోడళ్లలో వెనక యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీతో కలిపిన వాల్వు ఉంటుంది. మెకానిక్‌లు దాన్ని ఎల్ఎస్‌పీవీ అంటారు. యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య దూరం తగ్గితే లోడు ఎక్కిందని ఆ వాల్వు అనుకుంటుంది, వెనక బ్రేకుకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. దూరం ఎక్కువగా ఉంటే ఖాళీ అనుకుని తగ్గిస్తుంది. దానికి కళ్లు లేవు, తూకం తెలియదు. దూరమే దాని భాష.

ఇప్పుడు కట్టలు కుంగిన బండిని తీసుకుందాం. అది ఖాళీగా ఉన్నా వాల్వు దృష్టిలో లోడు బండే. వాన పడ్డ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే వెనక చక్రాలు ముందుగా బిగుసుకుని తోక పక్కకు తిరుగుతుంది. దీనికి సరిగ్గా వ్యతిరేకం, రెండు పట్టీలు ఎక్కించి ఎత్తు పెంచిన బండి. అందులో పూర్తి లోడు ఉన్నా వాల్వుకు అది సగం ఖాళీ బండిలా కనిపిస్తుంది. వెనక బ్రేకు తక్కువ పడుతుంది, భారమంతా ముందు బ్రేకులు మోయాలి, ఆగే దూరం పెరుగుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఈ తేడాకు వెల ఎక్కువ. అంటే కట్ట కుంగినా ప్రమాదమే, అతిగా లేపినా ప్రమాదమే. ఏబీఎస్ ఉన్న కొత్త బండ్లలో ఈ పంపకం చాలావరకు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతుంది. పాత బండ్లకు ఆ వెసులుబాటు లేదు.

మరో రెండు విషయాలు. వెనక కుంగితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలిపోతుంది. గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే షాఫ్ట్ కోణం మారి, దాని క్రాసులు త్వరగా అరుగుతాయి. బండి ఒక పక్కకు ఒరిగి ఉంటే మలుపులో బోల్తా పడే అవకాశం పెరుగుతుంది. పెళ్లిళ్లకు, జాతరలకు, కూలిపనులకు ఇవే సరుకు బండ్లలో మనుషులను నిలబెట్టి తీసుకెళ్లడం దేశమంతా చూస్తున్నదే. నిలబడ్డ మనుషుల బరువు టమాటా పెట్టెల్లా కదలకుండా ఉండదు. మలుపులో అందరూ ఒకేవైపు ఒరుగుతారు. ఆ క్షణంలో చదునైన కట్ట దగ్గర ఇవ్వడానికి ఇక ఏమీ మిగిలి ఉండదు.

ఏ జబ్బుకు ఏ మందు

మొదటి దారి: కొత్త కట్టలు. కంపెనీ చెప్పిన కొలతల్లో, రెండు పక్కలా ఒకేసారి మార్చడం. ఖర్చు ఎక్కువైనా ఫలితం ముందే తెలిసిన దారి ఇదే. తుప్పు పట్టీ మందాన్ని తిన్నప్పుడు, ఒకటికి మించి పట్టీలు విరిగినప్పుడు, మెయిన్ పట్టీ కన్ను దగ్గర పగిలినప్పుడు దీనికి ప్రత్యామ్నాయం లేదు. ఒక్క పక్క మాత్రమే కొత్తది వేస్తే బండి పాత పక్కకు ఒరుగుతుంది.

రెండో దారి: వంపు పెట్టించడం. పట్టీలు మందంగా, పగుళ్లు లేకుండా ఉండి వంపు మాత్రమే పోయినప్పుడు ఇది సరైన మందు. కానీ ఎలా చేస్తారన్నదే కీలకం. స్ప్రింగు ఉక్కును ఫ్యాక్టరీలో దాదాపు 850 నుంచి 900 డిగ్రీల వరకు కాల్చి, వంపు తిప్పి, నూనెలో ముంచి గట్టిపరుస్తారు. అప్పుడది గాజులా పెళుసుగా ఉంటుంది. అందుకే మళ్లీ 400 నుంచి 500 డిగ్రీల ప్రాంతంలో వేడిచేసి నిదానపరుస్తారు. ఆ రెండో వేడిలోనే పట్టీకి వంగి లేచే గుణం వస్తుంది. రోడ్డు పక్కన గ్యాస్ మంటతో ఒక్కచోట ఎర్రగా కాల్చి వంచితే ఈ గుణమంతా అక్కడ పోతుంది. కాల్చి వదిలేస్తే ఆ చోటు మెత్తనై వారాల్లో మళ్లీ కుంగుతుంది, నీళ్లు చల్లితే పెళుసై ఒక గుంతలో పుటుక్కున విరుగుతుంది. మొత్తం పట్టీని కొలిమిలో సమంగా కాల్చి, నూనెలో ముంచి, మళ్లీ వేడిచేసే ఏర్పాటు ఉన్న కమాన్ వర్క్‌షాపులోనే వేడి పద్ధతి చేయించాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల కమాను పనికే ప్రత్యేకించిన షాపులు ఉన్నాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: కాల్చిన తర్వాత ఏం చేస్తారు? కాల్చకుండా ప్రెస్సు మీద కొద్దికొద్దిగా వంచే చల్లటి పద్ధతి ఉక్కు గుణాన్ని అంతగా చెడగొట్టదు. అయితే అలా వచ్చిన వంపు కొత్త కట్టంత కాలం నిలవదు.

మూడో దారి: పట్టీ ఎక్కించడం. అందరికీ ఇష్టమైన దారి, ఎక్కువగా అపార్థమయ్యే దారి కూడా ఇదే. దీని గురించి విడిగా చెప్పుకోవాలి.

నాలుగో దారి: పొడవు షాకిల్, దిమ్మె. షాకిల్‌ను 50 మిల్లీమీటర్లు పొడిగిస్తే బండి లేచేది దాదాపు 25 మిల్లీమీటర్లే. కట్ట ఒక కొస మాత్రమే కిందికి దిగుతుంది కాబట్టి యాక్సిల్ ఉన్న మధ్యభాగంలో సగం తేడాయే వస్తుంది. పైగా యాక్సిల్ కొద్దిగా తిరిగి షాఫ్ట్ కోణం మారుతుంది. యాక్సిల్‌కూ కట్టకూ మధ్య దిమ్మెలు పెట్టి లేపడం ఇంకా చెడ్డది. బ్రేకు వేసినప్పుడు యాక్సిల్ మెలితిప్పే బలం దిమ్మె ఎత్తును బట్టి పెరుగుతుంది. ఒకదానిపై ఒకటి పేర్చిన దిమ్మెలు జారిపోయే ప్రమాదం ఉంది. ఈ రెండూ కుంగిన కట్టను బాగుచేయవు, దాన్ని దాచిపెడతాయి.

ఒక పట్టీ ఎక్కిస్తే ఎంత వస్తుంది?

లెక్క కోసం ఒకే మందం, ఒకే వెడల్పు ఉన్న ఐదు పట్టీల కట్ట ఉందనుకుందాం. ఒక పక్క 300 కిలోలు పెడితే అది 60 మిల్లీమీటర్లు దిగుతుందనుకుందాం. అదే వంపు ఉన్న ఆరో పట్టీ ఎక్కిస్తే గట్టిదనం ఐదులో ఒక వంతు పెరుగుతుంది. దిగేది 50 మిల్లీమీటర్లు. లాభం 10 మిల్లీమీటర్లు, అది కూడా లోడు ఉన్నప్పుడు. కట్ట వంపు 40 మిల్లీమీటర్లు పోయి ఉంటే, ఆ లోటు ఈ పదితో పూడదు. ఎత్తు ఇచ్చేది వంపు, పట్టీల సంఖ్య కాదు.

మరి షాపులో పట్టీ ఎక్కించగానే బండి బాగా లేస్తుంది కదా? లేస్తుంది. ఎందుకంటే అక్కడ ఎక్కించే పట్టీ సాధారణంగా మందమైనది, వంపు ఎక్కువున్నది. మందం విషయంలో మూడో ఘాతం లెక్క మళ్లీ పనిచేస్తుంది. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే, ఆ ఒక్కటే దాదాపు రెండు పట్టీల పని చేస్తుంది. ఫలితంగా కుంగిన పాత పట్టీలు కాస్త విశ్రాంతి తీసుకుంటే, ఆ కొత్త మందపు పట్టీ అందరి వాటా బరువూ మోస్తుంది. కొన్నాళ్లకు అదే విరుగుతుంది. లేదంటే దాని పక్కనున్నది విరుగుతుంది.

ఖాళీ బండిలో దీని మూల్యం వేరుగా కనిపిస్తుంది. గట్టి కట్టల మీద ఖాళీ తొట్టి ప్రతి గుంతకూ ఎగురుతుంది. చక్రం నేల వదిలిన ప్రతిసారీ ఆ క్షణం బ్రేకు పట్టు ఉండదు. ఆ ఎగురుడుకు తొట్టి వెల్డింగులు పగులుతాయి, ఛాసిస్ బ్రాకెట్ల రివిట్లు వదులవుతాయి. సగం లోడుతో టమాటా, మామిడి తెచ్చే వారికి సరుకు దెబ్బతినడం మరో నష్టం.

అయినా ఎప్పుడూ బరువే మోసే బండికి అదనపు ఆధారం అవసరమైతే, కట్టకు కాస్త ఎడంగా ఉండి లోడు ఎక్కిన తర్వాతే పనిలోకి దిగే హెల్పర్ పట్టీ మంచిది. ఖాళీగా ఉన్నప్పుడు అది తగలదు కాబట్టి బండి ఎగరదు. కంపెనీ ఆ మోడల్‌కు అలాంటిది ఇచ్చి ఉంటే, అరిగిన దాన్ని తిరిగి పెట్టించడం ముందు చేయాల్సిన పని.

పని చేయించేటప్పుడు చూడాల్సినవి

కమాను పని ప్రమాదం ఉన్న పని. బిగించిన కట్టలో బోలెడంత శక్తి దాగి ఉంటుంది. పట్టీలను క్లాంపులతో పట్టించకుండా సెంటర్ బోల్టు విప్పితే అవి ఎగిరి మనిషికి తగులుతాయి. బండిని ఛాసిస్ దగ్గర లేపి స్టాండ్ల మీద నిలపాలి. జాకీ ఒక్కదాని మీదో, ఇటుకల మీదో నిలిపి కింద దూరడం ప్రాణంతో చెలగాటం. ముందు చక్రాలకు అడ్డు దిమ్మెలు ఉండాలి.

యూ-బోల్టులు పాతవి మళ్లీ వాడకూడదు. ఒకసారి గట్టిగా బిగించాక అవి సాగుతాయి, రెండోసారి అంత పట్టు ఇవ్వవు. కట్ట మందం పెరిగితే వాటి పొడవు కూడా సరిపోవాలి. నట్టు పూర్తిగా ఎక్కి మరలు బయటికి కనిపించాలి. రబ్బరు బుష్షులు ఉన్న కన్నుల బోల్టులను బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాలు నేలకు ఆని, కట్ట తన మామూలు ఎత్తుకు వచ్చాకే బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరుగుతుంది. పని అయ్యాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి యూ-బోల్టులను మళ్లీ బిగించాలి. చాలామంది మర్చిపోయేది ఇదే. వదులైన యూ-బోల్టే తర్వాత సెంటర్ బోల్టును తెంపుతుంది.

చివరగా మూడు సర్దుబాట్లు ఉన్నాయి. ఎల్ఎస్‌పీవీ కడ్డీని కొత్త ఎత్తుకు తగినట్టు, కంపెనీ చెప్పిన కొలతకు సరిచేయించాలి. హెడ్‌లైట్ల ఎత్తు సరిచూడాలి. బ్రేకు పైపు పూర్తిగా సాగినా లాగబడకుండా ఉందా చూడాలి. ఈ మూడూ చేయకపోతే కమాను పని సగమే అయినట్టు.

కట్ట బలం బండి బలం కాదు

ఇక్కడే మెకానిక్ షెడ్డు దాటి చట్టంలోకి రావాలి. బండి ఎంత బరువు మోయవచ్చనేది కట్టలను బట్టి మాత్రమే నిర్ణయించరు. యాక్సిల్, బేరింగులు, టైర్లు, బ్రేకు డ్రమ్ములు, ఛాసిస్ అన్నీ కలిపి తయారీదారు ఒక స్థూల బరువు ప్రకటిస్తాడు. ఆర్సీలో ఉండేది అదే. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ మోసే బరువు 750 కిలోలు. రెండు పట్టీలు ఎక్కించినంత మాత్రాన అది టన్నున్నర బండి కాదు. కట్ట మాత్రం కుంగకుండా ఉంటుంది, భారం బేరింగు మీదికి, టైరు మీదికి, బ్రేకు మీదికి బదిలీ అవుతుంది. కట్ట కుంగడం ఒక హెచ్చరిక. పట్టీ ఎక్కించడం చాలాసార్లు ఆ హెచ్చరిక నోరు నొక్కడమే.

మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం, అనుమతించిన బరువు దాటితే 20,000 రూపాయలు, అదనంగా ఉన్న ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా. అదనపు సరుకు దించే ఖర్చూ బండి వారిదే. 2019 సెప్టెంబరు నుంచి ఇది అమల్లో ఉంది. 52వ సెక్షన్ ఆర్సీలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను కచ్చితంగానే అన్వయించింది. పాడైన కట్ట స్థానంలో కంపెనీ కొలతల కట్ట వేయడం మరమ్మతు. లోడు పెంచడానికి బండి స్వరూపం మార్చడం వేరు. ప్రమాదం జరిగినప్పుడు బీమా క్లెయిములో ఈ తేడా ముందుకొస్తుంది.

సరుకు బండ్లకు ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. కుంగిన కట్ట, విరిగిన పట్టీ, అరిగిన బుష్షు అక్కడ దొరకాల్సినవి. కానీ బండిని చుట్టూ తిరిగి చూసి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలో కట్టల మధ్య మట్టి కింద ఉన్న పగులు కనిపించదు. బ్రేకు బలాన్ని ఒక్కో చక్రానికి విడిగా కొలిచే యంత్ర పరీక్షా కేంద్రాలు పెరిగితే, కనీసం బ్రేకు అసమానత్వం బయటపడుతుంది. కట్టల సంగతి అప్పుడైనా ఎవరో ఒకరు వంగి చూడాల్సి ఉంటుంది.

ఓవర్‌లోడు ఎవరి లాభం?

కొత్త పికప్ షోరూం నుంచి బయటికి రాగానే కమాను షాపుకు వెళ్లి పట్టీలు ఎక్కించుకోవడం చాలాచోట్ల ఆనవాయితీ. దీన్ని డ్రైవరు దురాశగా కొట్టిపారేయడం సులువు. కానీ లెక్క అతని వైపు నుంచి చూస్తే వేరుగా ఉంటుంది. కిరాయి ట్రిప్పు లెక్కన ఇస్తారు. డీజిలు, వాయిదా, టోలు ట్రిప్పుకు ఒకటే. ఒక ట్రిప్పులో రెండు ట్రిప్పుల సరుకు పట్టించే బండికే వ్యాపారి ఫోను చేస్తాడు. నిబంధన ప్రకారం లోడు వేసేవాడు బేరం కోల్పోతాడు. పాత బండి యజమానికి కొత్త కట్టల ఖర్చు కన్నా ఒక మందపు పట్టీ చవకగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కానీ ఆ చవక తాత్కాలికం. ఓవర్‌లోడుతో మిగిలిన డబ్బు టైర్లకు, బేరింగులకు, క్లచ్‌కు, మళ్లీ కట్టలకు వెళ్లిపోతుంది. మిగులు వ్యాపారి దగ్గర ఉంటుంది, అరుగుదల బండి దగ్గర ఉంటుంది. బరువు ఎక్కించమన్నవాడికీ బాధ్యత ఉండేలా లోడింగ్ చోటనే తూకం తప్పనిసరి చేస్తే తప్ప ఈ పోటీ ఆగదు. రోడ్డు మీద డ్రైవరును పట్టుకుని జరిమానా వేయడం సగం న్యాయమే.

అది జరిగేలోపు యజమాని చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. నెలకోసారి చక్రం మధ్య నుంచి తొట్టి అంచు వరకు కొలిచి గోడ మీద రాసుకోవడం. ఉప్పునీటి లోడు దించాక కట్టలను మంచినీళ్లతో కడగడం. బరువైన పెట్టెలను తొట్టి చివర కాకుండా క్యాబిన్ వైపు పేర్చడం. రాత్రంతా లోడుతో బండి నిలపకపోవడం. కట్ట కుంగినప్పుడు ‘ఎంత లేపుదాం’ అని కాక ‘ఎందుకు కుంగింది’ అని మెకానిక్‌ను అడగడం. ఆ ప్రశ్నకు జవాబు లోడు అయితే, కమాను షాపులో దానికి మందు లేదు.